కొలతలకు రమ్మంటే రాలేదు, ఇప్పుడు తప్పంతా నాదంటున్నారు

ప్రశ్న: తెనాలిలో పదకొండేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను, మగ్గం వర్క్ కూడా చేస్తాను. మావారి అక్క కూతురి పెళ్లికి డబ్బు తీసుకోకుండా, చేతుల నిండా జర్దోసీ వేసి పట్టు జాకెట్టు కుట్టిచ్చాను. కొలతలకు పిల్లని పంపమంటే పాత ఆది జాకెట్టు పంపారు. ముహూర్తానికి గంట ముందు చేతులు పట్టలేదు. "ఇంటి మనిషని నమ్మి ఇస్తే తగలేసింది" అని మా వదిన విడిదింట్లో అందరి ముందూ అన్నారు. తర్వాత ఇద్దరు ఇచ్చిన బట్ట వెనక్కి తీసుకుపోయారు. మావారేమో ఊరుకోమంటున్నారు. మూడు వారాలుగా మిషన్ ముట్టుకోలేదు, నిద్ర కూడా పట్టడం లేదు.

సలహా: అమ్మా, ముందు ఆ జాకెట్టు తెప్పించుకోండి. తిరగేసి, ఆది జాకెట్టు పక్కన పెట్టి, చేతి చుట్టుకొలతకు టేపు పెట్టి చూడండి. రెండూ సమానంగా ఉంటే వాళ్లు ఇచ్చిన కొలతకే మీరు కుట్టారు. మీ పనితనంలో లోపం లేదు. ఆ సంగతి మీ కళ్లతో మీరు చూసుకోవాలి, ఎందుకంటే మూడు వారాలుగా మీ చెవుల్లో ఆవిడ మాటే తిరుగుతోంది.

ఇంకొకటి కూడా చెప్పాలి, నొచ్చుకోకండి. చేతుల నిండా జర్దోసీ వేస్తే బట్ట సాగదు. అదే కొలతతో కుట్టినా పాత మామూలు జాకెట్టు కన్నా బిగుతుగా ఉంటుంది. కుట్టు విప్పి వదులు చేద్దామంటే వర్క్ మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. ఇది మీకు తెలుసు, వదినగారికి తెలియదు. పిల్ల వస్తేనే కత్తెర పెడతానని మీరు గట్టిగా అనాల్సింది. మొహమాటపడ్డారు. మీ వంతు అంతవరకే. "తగలేసింది" అన్న మాటకు మీరు తగరు.

వదినగారి ఇంటికి ఒక్కరే వెళ్లండి, పెళ్లి హడావిడి సద్దుమణిగాక, జాకెట్టు చేత్తో పట్టుకుని. ఫోన్లో వద్దు. "వదినా, ఆ రోజు మీ కంగారు నాకు అర్థమైంది. కొలతలకు పంపమని అడిగాను, మీరు ఆది జాకెట్టు ఇచ్చారు. దాని ప్రకారమే కుట్టాను, చూడండి. నేను పట్టుబట్టాల్సింది, అది నా పొరపాటు. కానీ పదిమందిలో అలా అనేసరికి నా పని పోయింది, చాలా బాధపడ్డాను" అనండి. అని ఆగండి. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. వాదనకు దిగకండి, ఏడ్చి క్షమాపణా చెప్పకండి. మంచి అనిపించుకోవాలని ఇంకో జాకెట్టు ఊరికే కుట్టిస్తానని మాత్రం నోరు జారకండి, లేని తప్పు ఒప్పుకున్నట్టవుతుంది.

మీవారు అక్కతో పోట్లాడక్కర్లేదు. "అక్కా, కొలతలకు రమ్మని తను అడిగింది, నాకు తెలుసు" అని ఒక్క మాట అంటే చాలు. అది తెలిసీ ఊరుకోవడం నాకు సబబుగా అనిపించలేదు. ఈ మాట ఆయనకు చదివి వినిపించండి.

ఇకనుంచి నోటుబుక్కులో కొలతలు, తేదీ రాసి, ఇచ్చినవాళ్ల చేత సంతకం పెట్టించుకోండి. చుట్టాలైనా సరే. మా అమ్మ క్యాలెండర్ వెనక రాసేది, నెల మారగానే చింపేసేవాళ్లం, ఎన్ని గొడవలో! పెళ్లి జాకెట్టయితే వర్క్ మొదలుపెట్టే ముందే మామూలు గుడ్డతో ఒక చెయ్యి కుట్టి వేయించి చూడండి. మజూరీ కూడా తీసుకోండి, చుట్టాలకు కొంత తగ్గించినా పర్లేదు. ఊరికే చేసిన పని వెనక మీరు ఎన్ని రాత్రులు మగ్గం ముందు కూర్చున్నారో ఎవరూ లెక్కపెట్టరు.

మూడు వారాలు నిద్ర లేకపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. 14416కి ఫోన్ చేయండి. అది 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. అయినా తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి.

బట్ట వెనక్కి తీసుకున్న ఇద్దరిలో మీకు ఎక్కువ చనువున్న ఆవిడకి ఈ వారమే కబురు పెట్టండి. జరిగింది రెండు ముక్కల్లో చెప్పి, మీ వదినగారిని ఒక్క మాట అనకుండా, "ఈసారి మీరే వచ్చి కొలతలు ఇవ్వండి" అని అడగండి.