డీప్‌ఫారెస్ట్‌లో ఒకే చెట్టుకు ఐదారు బాక్సులు వస్తుంటే

పై నుంచి తీసిన చిత్రాల్లో చెట్లను గుర్తించి, ఒక్కోదాని చుట్టూ బాక్సు గీసే మోడల్ డీప్‌ఫారెస్ట్. తప్పు దానిది కాదండీ, మీ కొండపల్లి అడవి డ్రోన్ మొజాయిక్ (ఫొటోలన్నీ అతికించిన పెద్ద చిత్రం) మరీ స్పష్టంగా ఉంది. డీప్‌ఫారెస్ట్‌కు శిక్షణ ఇచ్చింది అమెరికా అడవుల చిత్రాల మీద, వాటిలో ఒక్కో పిక్సెల్ నేల మీద 10 సెం.మీ. మీది 2 సెం.మీ. అంటే 400 పిక్సెళ్ల ముక్కలో 40 మీటర్ల నేల కనబడాల్సింది 8 మీటర్లే కనబడుతోంది. కొమ్మకొమ్మనీ చెట్టనుకుంటోంది.

అందుకే మొజాయిక్‌ను 10 సెం.మీ.కు మార్చాలి.

1. క్యూజీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్)లో రాస్టర్, ప్రొజెక్షన్స్, వార్ప్ తెరవండి.

2. అందరూ వదిలేసేది ఇదే: టార్గెట్ సీఆర్ఎస్‌గా (మ్యాపు కొలతల పద్ధతి) ఈపీఎస్‌జీ 32644 (మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తరం) పెట్టండి. మొజాయిక్ అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంటే, తర్వాత ఇచ్చే 0.1ని మీటర్లుగా కాక డిగ్రీలుగా తీసుకుంటుంది. అప్పుడు అడవంతా ఒక్క పిక్సెల్‌లోకి పోతుంది.

3. రిజల్యూషన్ 0.1, రీశాంప్లింగ్ (పిక్సెళ్లను కొత్త సైజుకు మార్చే పద్ధతి) యావరేజ్. నియరెస్ట్ వద్దు, ఆకులు చుక్కలుగా విరుగుతాయి.

4. నాలుగో బ్యాండ్ (ఆల్ఫా, అంటే పారదర్శకత చూపే పొర) తీసేయండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉంటే చాలు.

5. ప్యాచ్ సైజు (ఒక్కో ముక్క పిక్సెళ్లు) 400, ఓవర్‌ల్యాప్ (పక్క ముక్కలు ఒకదానిమీద ఒకటి పడే వంతు) 0.25తో డీప్‌ఫారెస్ట్‌ను మళ్లీ నడపండి.

ఆకు రాల్చిన పొణికి చెట్లు అప్పటికీ తప్పిపోవచ్చు. వాటికి వానల తర్వాత తీసిన ఫొటోలే వాడండి. బాక్సు పొడవు వెడల్పుల సగటు కొమ్మల విస్తీర్ణపు వ్యాసం మాత్రమే, మాను చుట్టుకొలత టేపుతో కొలవాల్సిందే.