ఊరి గురించి మాట్లాడించాలంటే

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

తిరుపతిలో నెలకొక ఆదివారం పదిమందిని కూర్చోబెట్టి మన ప్రాంతపు చరిత్ర, సాహిత్యం, ఊరి బాగోగుల గురించి మాట్లాడించాలనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషించాను. అలాంటి గోష్ఠులు నడిపిన అనుభవంతో ముందుగా ఒకటి చెబుతాను. ‘రాయలసీమ సంస్కృతి’ లాంటి అంశం పెట్టవద్దు. అంత పెద్ద విషయమైతే ఉపన్యాసకులే మాట్లాడతారు, తక్కిన వాళ్లు గడియారం చూసుకుంటారు. వచ్చినవారిలో ఒక్కరైనా కళ్లారా చూసిన చిన్న విషయాన్ని ఎంచుకో.

చెరువునే తీసుకో. తిరుమల ఆలయ శాసనాలు వెయ్యికి పైగా ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితుల శ్రమ వల్ల దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. ఎక్కువ భాగం తమిళంలోనే ఉంటాయి కాబట్టి ఆ లిపి వచ్చిన వారిని పక్కన కూర్చోబెట్టుకో. విజయనగర కాలపు శాసనాల్లో ఒక పద్ధతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దాత ఇచ్చిన సొమ్ముతో ఆలయం వారు దేవుడి మాన్యం ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించేవారు. నీరు పారి పెరిగిన రాబడితో ఆ దాత పేర స్వామికి నైవేద్యం జరిగేది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందేది. స్వామివారి నైవేద్యానికి కావలసిన బియ్యం చెరువు కట్ట కింది పొలం నుంచే వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది! అలాంటి ఒక్క శాసనం చదివించి, 2021 నవంబరు వరదల్లో రామచంద్రాపురం దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించిన సంగతి గుర్తుచెయ్యి. ‘మీ వీధిలో కురిసిన వాన ఎటు పోతోంది?’ అని అడుగు. ఇక నువ్వు మాట్లాడనక్కర లేదు. చివర్లో ఒక్క కాలువ గురించైనా నగరపాలక సంస్థకు అర్జీ రాసి, అందరి చేత సంతకాలు పెట్టించు.

గంగమ్మ జాతర మీద మాట్లాడేటప్పుడు మొదటి మాట వేషం కట్టేవారిది కావాలి, పరిశోధకుడిది తర్వాత. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాల్లో ఏది ఏ రోజున వేస్తారో, మొక్కు ఎలా పుడుతుందో వాళ్లు చెబితేనే అందం. ఆడవాళ్లను చెరపట్టిన పాలెగాడిని అమ్మ వెతికి చంపిన కథకు ఆధారం ఏమిటని ఎవరైనా నిలదీస్తే, వాదన పెరగనివ్వకు. శాసనంలో ఉన్నది ఒక పుటలో, అవ్వలు చెప్పినది ఇంకొక పుటలో రాసుకో. రెండూ మనవే. కలిపి రాస్తే మాత్రం రెండింటికీ అన్యాయం చేసినట్టే.

చిత్తూరు వైపు నుంచి వచ్చేవారిలో ఇంట్లో తమిళం మాట్లాడేవారు తప్పకుండా ఉంటారు. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలు కలిపి ఏర్పరచిన జిల్లా అది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. ఆ ప్రస్తావన వస్తే గొంతులు లేస్తాయి. ఎవరి నేల ఎవరిదన్న తగవులోకి దిగకుండా, వాళ్ల అమ్మానాన్నలు ఏ బడిలో ఏ భాషలో చదువుకున్నారో అడుగు. తెలుగు రానివారిని తక్కువ చేసే మాట ఎవరు అన్నా, వయసులో పెద్దవారైనా సరే, అక్కడే ఆపు.

సాహిత్యానికి పెద్ద ఏర్పాట్లు వద్దు. మధురాంతకం రాజారాం కథ ఒకటి గొంతెత్తి చదివించు, అంతే. కథ గొప్పతనం ముందుగా వివరించే పెద్దమనిషిని పిలవకు.

మొదటి గోష్ఠి గంగమ్మ మీదే పెడతానన్నావట. మే నెలలో జాతర ముగిశాక ఒక వారం ఆగి పెట్టుకో. అంతకుముందైతే వేషాలు కట్టేవారు మొక్కుల హడావిడిలో ఉంటారు, నీ కబురుకు రాలేరు.

మీ పెదనాన్న