సిస్టం సందేహాలు: మెయిల్ ప్రోగ్రామే మెమరీ అంతా మింగేస్తుంటే

ఈసారి చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ మీద: మెయిల్ తెరిచి ఉంచితే సిస్టం నత్తనడక. నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబులిస్తున్నాం. మొదటిది కాస్త పొడుగు, ఎందుకంటే మిగతావాళ్ళ సమస్యలో సగం అందులోనే ఉంది.

మా ఆడిటర్ గారి ఆఫీసులో మెయిళ్ళన్నీ థండర్‌బర్డ్‌లోనే చూస్తాం. విండోస్ 11, 8 జీబీ ర్యామ్. ఒక జీమెయిల్, ఒక ఆఫీసు అకౌంటు, రెండూ ఐమ్యాప్ (మెయిళ్ళు సర్వర్ మీదే ఉంచి చూసే పద్ధతి). ఇన్‌బాక్స్‌లోనే అరవై వేల పైచిలుకు మెయిళ్ళున్నాయి. పొద్దున 400 ఎంబీతో మొదలై సాయంత్రానికి రెండున్నర జీబీ దాటుతోంది. పక్కన ట్యాలీ, జీఎస్టీ సైటు తెరిస్తే ఇక కదలదు. థండర్‌బర్డ్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాం, ఏ మార్పూ లేదు.
— ఆఫీసు ఉద్యోగిని, టి.నగర్

మార్పు ఉండదండి. మెయిళ్ళు, వాటి ఇండెక్సు (వెతకడానికి కట్టుకునే పట్టిక), యాడ్-ఆన్లు (అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు), సెట్టింగులు అన్నీ ప్రొఫైల్ అనే వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. ప్రోగ్రామ్ తీసేసినా అది అలాగే మిగిలిపోతుంది, కొత్తగా వేసింది మళ్ళీ దాన్నే తెరుస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మెమరీ ఒక స్థాయికి వెళ్ళి ఆగుతోందా, ఆగకుండా పెరుగుతోందా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. థండర్‌బర్డ్ మూసి తెరిచిన పది నిమిషాలకు ఒక అంకె రాసుకోండి. తర్వాత దాన్ని ముట్టుకోకుండా వదిలేసి అరగంటకు, రెండు గంటలకు మళ్ళీ చూడండి. మీకున్నన్ని మెయిళ్ళకు ఐదారు వందల ఎంబీ దగ్గర నిలబడితే దాన్ని రోగం అనుకోనక్కర్లేదు. మనిషి చెయ్యి పడకపోయినా ఎక్కుతూనే ఉంటే మాత్రం లోపల ఏదో పని నడుస్తోందన్నమాట, లేదా ఏదో యాడ్-ఆన్ తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వడం లేదు.

యాడ్-ఆన్ సంగతి తేల్చడం తేలిక. 'హెల్ప్' మెనూలో 'ట్రబుల్‌షూట్ మోడ్' ఉంది. అందులో యాడ్-ఆన్లన్నీ ఆగిపోతాయి. అలాగే రెండు గంటలు నడిపి చూడండి. అంకె ఎక్కకపోతే మామూలుగా తెరిచి, యాడ్-ఆన్లన్నీ ఆపేసి, రోజుకొకటి చొప్పున ఆన్ చేస్తూ రండి. అన్నీ ఒకేసారి ఆన్ చేసి ఊహించుకుంటూ కూర్చుంటే తేలదు.

ట్రబుల్‌షూట్ మోడ్‌లోనూ పెరిగితే 'టూల్స్' కింద 'యాక్టివిటీ మేనేజర్' చూడండి. మెయిళ్ళు దించుకోవడం, ఇండెక్సు కట్టడం అక్కడ కనిపిస్తాయి. ఇంకా లోతుగా చూడాలంటే 'హెల్ప్'లో 'ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్' తెరిచి, అక్కడి మెమరీ లింకు నొక్కి, 'మెజర్' కొట్టండి. పొడవాటి చెట్టులా జాబితా వస్తుంది. అందులో 'మెయిల్‌డీబీ' అన్న కొమ్మ కింద, తెరిచి ఉన్న ఒక్కో మెయిల్ ఫోల్డరూ ఎంత పట్టుకుందో ఉంటుంది. 'ఎస్క్యూలైట్' కొమ్మ కింద సెర్చ్ ఇండెక్సు వాటా ఉంటుంది. పెద్ద అంకె ఎక్కడుంటే అక్కడ చెయ్యి వేయాలి. అదే పేజీలో 'మినిమైజ్ మెమరీ యూసేజ్' బటన్ నొక్కగానే అంకె బాగా దిగిపోతే, పెరిగినదాంట్లో చాలామటుకు క్యాషే, అంటే మళ్ళీ త్వరగా వాడుకోవడానికి దాచుకున్నదే.

మీ విషయంలో మా అనుమానం ముందుగా జీమెయిల్ మీద. జీమెయిల్‌లో లేబుళ్ళన్నీ థండర్‌బర్డ్‌కు ఫోల్డర్లలాగే కనిపిస్తాయి. ఇన్‌బాక్స్‌లో ఉండి 'క్లయింట్స్' లేబుల్ కూడా తగిలించిన ఒక మెయిల్, ఇన్‌బాక్స్‌లో ఒకసారి, ఆ లేబుల్‌లో ఒకసారి, 'ఆల్ మెయిల్'లో ఇంకోసారి దిగుతుంది. 'అకౌంట్ సెట్టింగ్స్'లో 'సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్'కు వెళ్ళి, 'అడ్వాన్స్‌డ్' నొక్కి, 'ఆల్ మెయిల్' ముందున్న టిక్కు తీసేయండి. అప్పటికీ ఆ ఫోల్డర్ పేరు కనబడుతూనే ఉంటుంది. కంటికే కనపడకూడదంటే బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగుల్లో 'లేబుల్స్' కింద దానికి ఎదురుగా ఉన్న 'షో ఇన్ ఐమ్యాప్' తీసేయాలి. ఆర్కైవ్ చేసే అలవాటు ఉంటే, అది తీసేముందు 'కాపీస్ అండ్ ఫోల్డర్స్'లో ఆర్కైవ్ ఏ ఫోల్డర్‌కు వెళ్తోందో చూసుకోండి.

రెండోది ఆ అరవై వేల ఇన్‌బాక్స్. థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్‌లోని మెయిళ్ళన్నిటినీ ఒకే పెద్ద ఫైలులో పెడుతుంది. దాని పక్కనే ఎంఎస్ఎఫ్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. ఎవరి నుంచి, ఏ తేదీ, ఏ విషయం అన్న వివరాలు అందులో. ఫోల్డర్ మీద నొక్కగానే ఈ ఎంఎస్ఎఫ్ మొత్తం మెమరీలోకి ఎక్కుతుంది. అంటే ఇక్కడ లెక్క అటాచ్‌మెంట్ల బరువుతో కాదు, మెయిళ్ళ సంఖ్యతో. పది ఎంబీ బ్యాలెన్స్ షీట్లున్న ఐదు వందల మెయిళ్ళకన్నా, రెండేసి లైన్ల బ్యాంకు అలర్టులు ముప్ఫై వేలు ఎక్కువ భారం. ఆ అలర్టులను ముందు ఏరిపారేయండి.

మిగతావి ఏడాది వారీగా విడదీయండి. 'కాపీస్ అండ్ ఫోల్డర్స్'లో 'ఆర్కైవ్ ఆప్షన్స్' తెరిచి ఏడాదికో ఫోల్డర్ ఎంచుకుంటే, పాత మెయిళ్ళు సెలెక్ట్ చేసి కీబోర్డు మీద ఇంగ్లీషు 'ఏ' అక్షరం నొక్కినప్పుడు అవే సర్దుకుంటాయి. కాకపోతే అది జనవరి నుంచి డిసెంబరు లెక్క. మీ ఆఫీసుకు కావాల్సింది ఏప్రిల్-మార్చి కాబట్టి, ఆర్థిక సంవత్సరం పేరుతో ఫోల్డర్లు చేతితో కట్టుకుని, 'మెసేజ్ ఫిల్టర్స్'లో తేదీ షరతు పెట్టి నడపడం మేలు. ఐమ్యాప్‌లో ఈ సర్దుడు సర్వర్ మీద కూడా జరుగుతుంది. అరవై వేలూ ఒకేసారి లాగితే మధ్యలో తెగి, ఎన్ని వెళ్ళాయో ఎన్ని ఉండిపోయాయో తెలియక తికమక. విడతకు రెండు మూడు వేలకు మించవద్దు.

తీసేసినా, వేరే చోటికి మార్చినా, ఆ మెయిల్ పాత ఫైలులోంచి వెంటనే పోదు, కనపడకుండా గుర్తు మాత్రం పడుతుంది. 'ఫైల్' మెనూలో 'కాంపాక్ట్ ఫోల్డర్స్' నొక్కితేనే నిజంగా ఖాళీ అవుతుంది. కాంపాక్ట్ అంటే మిగిలినవాటితో కొత్త ఫైలు రాసి పాతదాన్ని తీసేయడమే. అందుకని డిస్కులో మీ అతిపెద్ద ఫోల్డర్ అంత ఖాళీ అయినా ఉండాలి. అది నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో 'ఎండ్ టాస్క్' కొట్టడం, ప్లగ్ పీకేయడం లాంటివి వద్దు. ఇవన్నీ మొదలుపెట్టక ముందే థండర్‌బర్డ్ మూసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం బయటి డిస్కుకు కాపీ చేసుకోవాలి. ఆ ఫోల్డర్ ఎక్కడుందో ఇందాక చెప్పిన 'ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్' పేజీలోనే ఉంటుంది.

ఇక సెర్చ్ ఇండెక్సు. ప్రొఫైల్‌లో 'గ్లోబల్-మెసేజెస్-డీబీ' అన్న ఎస్క్యూలైట్ ఫైలు అదే. ఇంత సర్దుడయ్యాక దాన్ని కొత్తగా కట్టించడం మంచిది. థండర్‌బర్డ్ మూసి ఆ ఫైలు డిలీట్ చేయండి. మెయిళ్ళకేమీ కాదు. తిరిగి తెరిచాక అదే మళ్ళీ కడుతుంది. అలా కడుతున్నంత సేపూ మెమరీ, ప్రాసెసర్ రెండూ ఎక్కువే తింటుంది కాబట్టి సాయంత్రం మొదలుపెట్టి రాత్రంతా వదిలేయండి. ఆ కొన్ని గంటల అంకె చూసి 'ఇంకా పాడైంది' అని మళ్ళీ డిలీట్ చేస్తే, కట్టడం మళ్ళీ మొదటికొస్తుంది. అన్ని ఫోల్డర్లలో కలిపి వెతికే అవసరమే లేకపోతే 'సెట్టింగ్స్', 'జనరల్'లో 'ఎనేబుల్ గ్లోబల్ సెర్చ్ అండ్ ఇండెక్సర్' టిక్కు తీసేయండి. ఫోల్డర్ పైన వచ్చే క్విక్ ఫిల్టర్ అది లేకపోయినా పనిచేస్తుంది.

యాంటీవైరస్ కూడా ఇందులో భాగస్థుడే. ఫోల్డర్ అంతా ఒకే ఫైలు కావడంతో, కొత్త మెయిల్ వచ్చినప్పుడల్లా ఆ ఫైలు మారుతుంది, యాంటీవైరస్ మళ్ళీ తవ్వుతుంది. అంతకన్నా ప్రమాదం, ఎక్కడో ఒక మెయిల్‌లో వైరస్ దొరికిందని ఇన్‌బాక్స్ ఫైలునే క్వారంటైన్‌లో పడేయడం. ప్రొఫైల్ ఫోల్డర్‌ను మినహాయింపుల జాబితాలో పెట్టండి. అటాచ్‌మెంటును తెరిచేటప్పుడో, వేరే చోట సేవ్ చేసేటప్పుడో అది ఎలాగూ స్కాన్ అవుతుంది.

మాది అంబత్తూరు ఎస్టేట్‌లో డైలు తయారుచేసే యూనిట్. ఆఫీస్ 2016 అవుట్‌లుక్. కస్టమర్లు డ్రాయింగులన్నీ మెయిల్‌లోనే పంపుతారు. పీఎస్టీ ఫైలు (అవుట్‌లుక్ మెయిళ్ళు దాచే ఫైలు) 38 జీబీ అయింది. సిస్టంలో 16 జీబీ ర్యామ్ ఉన్నా మెమరీ చాలదని మెసేజ్ వస్తోంది. ఎలా?
— యూనిట్ సూపర్‌వైజర్, అంబత్తూరు

'ఫైల్', 'ఆఫీస్ అకౌంట్', 'అబౌట్ అవుట్‌లుక్' నొక్కితే మొదటి లైను చివర 32 బిట్టో 64 బిట్టో ఉంటుంది. మీది 32 బిట్ అయ్యుండాలి. అలాంటి ప్రోగ్రామ్ 64 బిట్ విండోస్ మీద కూడా మహా అయితే 4 జీబీ అడ్రసులకు మించి వాడుకోలేదు. సిస్టంలో 16 ఉన్నా, 64 ఉన్నా దానికి అంతే. 64 బిట్ ఆఫీస్ వేయాలంటే పాతదాన్ని పూర్తిగా తీసేయాలి. రెండూ కలిపి ఉండవు. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు అవుట్‌లుక్‌లో ఏదైనా యాడ్-ఇన్ పెట్టి ఉంటే, దానికి 64 బిట్ రకం ఉందో లేదో ముందే అడగండి. లేకపోతే మార్చిన రోజే బిల్లులు ఆగిపోతాయి. ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి ఇంకో మాట: ఆఫీస్ 2016కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

మార్చేలోగా చేయగలిగింది ఉంది. విండోస్ బటన్, 'ఆర్' కలిపి నొక్కి, 'అవుట్‌లుక్.ఈఎక్స్ఈ' అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ గీత పెట్టి 'సేఫ్' అని రాయండి. యాడ్-ఇన్లు లేకుండా తెరుచుకుంటుంది. అప్పుడు బాగుంటే 'ఫైల్', 'ఆప్షన్స్', 'యాడ్-ఇన్స్'లో కింద 'కామ్ యాడ్-ఇన్స్' ఎదురుగా 'గో' నొక్కి, అక్కర్లేనివి ఆపేయండి.

పీఎస్టీకి మామూలు హద్దు 50 జీబీ. దాన్ని రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో) పెంచే కిటుకులు చెప్పేవాళ్ళుంటారు, చేయకండి. కొత్త పీఎస్టీ ఒకటి తెరిచి, ముగిసిపోయిన పనుల (జాబ్‌ల) మెయిళ్ళన్నీ అందులోకి మార్చి, దాని మీద రైట్ క్లిక్ చేసి 'క్లోజ్' నొక్కండి. ఫైలు డిస్కులో ఉంటుంది, అవుట్‌లుక్ మీద బరువుండదు. కావాల్సినప్పుడు తెరుచుకోవచ్చు. డ్రాయింగులను జాబ్ నంబరు పేరున్న ఫోల్డర్లలో సేవ్ చేసుకుని, మెయిల్‌లోంచి 'రిమూవ్ అటాచ్‌మెంట్' చేయండి. తీసేసినా పీఎస్టీ సైజు వెంటనే తగ్గదు. 'డేటా ఫైల్స్'లో ఆ ఫైలు సెట్టింగుల కింద 'కాంపాక్ట్ నౌ' నొక్కాలి. మీ సైజుకు గంటలు పడుతుంది, ఆదివారం పెట్టుకోండి.

ఉత్తరంలో రాయలేదు గానీ, పీఎస్టీని నాలుగు సిస్టంలకు కలిపి సర్వర్ షేర్డ్ డ్రైవ్‌లో పెట్టి ఉంటే వెంటనే లోకల్ డిస్కుకు తెచ్చుకోండి. నెట్‌వర్క్ మీద నడిచే పీఎస్టీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఇవ్వదు. నెట్‌వర్క్ ఒక్క క్షణం తెగినా ఫైలు పాడవ్వచ్చు.

విండోస్‌లో పాత మెయిల్ పోయి కొత్త అవుట్‌లుక్ వచ్చింది. టాస్క్ మేనేజర్‌లో 'వెబ్‌వ్యూ2' అని ఆరేడు లైన్లు కనిపిస్తున్నాయి. వైరసా?
— రిటైర్డ్ ఉద్యోగి, పెరంబూరు

వైరస్ కాదండి. పాత మెయిల్ యాప్‌కు 2024 డిసెంబర్ 31తో సపోర్టు ఆగిపోయింది. దాని చోట వచ్చిన కొత్త అవుట్‌లుక్ నిజానికి ఎడ్జ్ బ్రౌజర్ ఇంజిను మీద నడిచే వెబ్ పేజీ. ఆ ఇంజిను పేరే వెబ్‌వ్యూ2. బ్రౌజర్లలాగే పనిని ముక్కలు చేసుకుంటుంది కాబట్టి అన్ని లైన్లు. టీమ్స్ లాంటివి కూడా దాన్నే వాడతాయి, అందుకని కనపడిందల్లా 'ఎండ్ టాస్క్' చేయకండి. ర్యామ్ తక్కువుంటే ఆ యాప్ మూసేసి, ఎలాగూ తెరిచి ఉన్న బ్రౌజర్‌లోనే ఒక ట్యాబ్‌లో మెయిల్ చూసుకోండి.

నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే. ఒకరు ర్యామ్ క్లీనర్ వేసుకోమంటున్నారు, ఇంకొకరు రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో ర్యామ్ కొనేయమంటున్నారు. ఏది నయం?
— విద్యార్థి, మాధవరం

క్లీనర్ జోలికి పోకండి. అది ప్రోగ్రాములు వాడుతున్న మెమరీని బలవంతంగా బయటికి నెడుతుంది. మీటరులో అంకె తగ్గుతుంది, మీరు మెయిల్ మీద నొక్కగానే అదంతా తిరిగి రావాలి. అందులో డిస్కులోంచి రావాల్సింది ఉంటే ఇంకా నెమ్మది.

విండోస్ 11 వేయడానికి కనీసం ఉండాల్సిందే 4 జీబీ. మెయిలూ బ్రౌజరూ కలిపి నడపాలంటే ర్యామ్ పెంచడమే దారి. వెళ్ళేముందు టాస్క్ మేనేజర్‌లో 'పర్ఫార్మెన్స్', 'మెమరీ' చూడండి. 'స్లాట్స్ యూజ్డ్' ఎదురుగా 'రెండింట్లో ఒకటి' అని ఉంటే అదృష్టం, ఉన్నది ఉంచి ఇంకోటి వేయొచ్చు. 'ఫామ్ ఫ్యాక్టర్' దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ఆ ర్యామ్ బోర్డుకు అతికించినదే, మార్చలేరు. రకం తెలుసుకోవడానికి సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. డీడీఆర్3 ల్యాప్‌టాప్ ర్యామ్‌కు 204 పిన్నులు, డీడీఆర్4కు 260. ఒకదాని చోట ఇంకోటి దూరదు. డీడీఆర్3లోనూ చాలా ల్యాప్‌టాప్‌లు 1.35 వోల్టుల 3ఎల్ రకమే తీసుకుంటాయి, 1.5 వోల్టులది వేస్తే అసలు ఆన్ కాకపోవచ్చు. పాత ర్యామ్ విప్పి చేతిలో పట్టుకెళ్తే ఈ గొడవ ఉండదు.

ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే, ర్యామ్‌తో పాటు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) కూడా అడగండి. మెమరీ చాలనప్పుడు విండోస్ డిస్కునే తాత్కాలిక మెమరీగా వాడుతుంది, అప్పుడు కర్రుకర్రుమని చప్పుడు చేస్తూ ఆగిపోయేది ఆ డిస్కు దగ్గరే. ర్యామ్ వేయించాక షాపులోనే ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో మొత్తం సైజు సరిగా చూపుతోందో చూసి, 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' ఒకసారి నడిపించండి. అందులో తప్పు చూపిస్తే అక్కడే మార్పించుకుని, బిల్లు మీద వారంటీ రాయించుకుని కదలండి.