నృత్యనాటకాల సంగీతాన్ని డాన్సు లేకుండా కచేరీలో వాయించవచ్చా?

నిస్సందేహంగా వాయించవచ్చు. విశాఖపట్నంలో కూచిపూడి ప్రదర్శనలకు వయొలిన్ వాయించేవాడిగా చెబుతున్నాను, ఇంతకంటే పట్టున్న సంగీతం మనకు లేదు. కాకపోతే వేదిక మీద వాయించినట్టే వాయిస్తే కచేరీలో నిలబడదు.

భామాకలాపంలో సత్యభామ వేదిక మీదికి వచ్చేటప్పుడు పాడే పాట, అంటే 'భామనే సత్యభామనే' ప్రవేశ దరువును, కచేరీ కోసం ఎం.వి.పి. కాలనీలో ఒక మిత్రుడి ఇంట్లో సాధన చేశాం. ప్రదర్శనలో సత్యభామ తెర మీదుగా జడ వేస్తుంది. జనం ఆ జడనే చూస్తుంటారు కాబట్టి పల్లవిని ఎన్నిసార్లు తిప్పినా విసుగు రాదు. తెరా జడా లేనప్పుడు ఆ ఆవృత్తాలు, అంటే ఆ తాళం చుట్లు, ఎవరి కోసం? మా మృదంగం మాస్టారు వాటిని సగానికి సగం కొట్టేయించారు. అడుగులకు తగ్గట్టు చెప్పే లయ పలుకులైన జతుల జోలికి మాత్రం రానివ్వలేదు. "కాళ్లు లేవని జతులు తీసేస్తే ఇది దరువు కాదు, మామూలు భైరవి కీర్తన అవుతుంది" అన్నారు. గజ్జెల పని ఘటానికి అప్పగించారు. నేను నిషాదం మీద ఊగుతూ ఆగితే, అడుగు పడాల్సిన చోట ఘటం మెడ మీద గోళ్లు టకటకమన్నాయి. భామ గదిలోకి వచ్చేసింది!

అమెరికన్ స్వరకర్త లెనార్డ్ బెర్న్‌స్టైన్ చేసిందీ ఇదే. 1957లో న్యూయార్క్ బ్రాడ్‌వే రంగస్థలానికి వచ్చిన తన సంగీత నాటకం 'వెస్ట్ సైడ్ స్టోరీ' నుంచి ఆయన కూర్చిన 'సింఫనిక్ డాన్సెస్'ను 1961లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ తొలిసారి వాయించింది. అందులో కథ వరుస లేదు. రెండో అంకంలోని 'సమ్‌వేర్' మొదటి అంకంలోని 'మాంబో' కంటే ముందే వస్తుంది. సిడ్ రామిన్, ఇర్విన్ కోస్టల్ దాన్ని పెద్ద ఆర్కెస్ట్రాకు విస్తరించారు. 'మాంబో' అనే కేక, చిటికెలు వాద్యకారులవే. మా ఘటం చేసిన పనే అక్కడ ఆ చిటికెలు చేస్తాయి.

ఇంత జరిగాక కూడా ఒక సభ నిర్వాహకుడు "డాన్సు పాటలు శుద్ధ సంగీతం కాదండీ" అన్నారు. మరి ఆ సభలోనే ప్రతి కచేరీ చివర పాడే తిల్లానా, జావళి ఎక్కడివి, నాట్యానివి కావా? నారాయణ తీర్థుల తరంగానికి కూచిపూడిలో పళ్లెం మీద ఆడుతున్నాం, అదే తరంగాన్ని కచేరీలో కూర్చుని పాడుతున్నాం. ఎవరికీ అభ్యంతరం లేదు. పైగా ఈ పాటల కోసం మేము అడిగిన అరగంటకు సమయం లేదన్నవారు సన్మానాలకు, శాలువాలకు అంతకంటే ఎక్కువే కేటాయించారు.

మీరు మొదలుపెట్టాలనుకుంటే ప్రవేశ దరువుతోనే మొదలుపెట్టండి. నాట్యగత్తె నడక కోసం పెట్టిన ఆవృత్తాలు తగ్గించండి, జతులు ఉంచండి, వాటిని నట్టువాంగం చేసేవారి (తాళాలు వాయిస్తూ నాట్యాన్ని నడిపేవారి) చేతే చెప్పించండి. పాటకూ పాటకూ మధ్య వ్యాఖ్యాతను కథ చెప్పనివ్వకండి.