అపార్ట్‌మెంట్‌లో డ్రమ్స్ ప్రాక్టీస్: చిల్లుల సింబల్స్ కొంటే సరిపోతుందా?

నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్, పన్నెండేళ్ల బాబు, ఏడాదిగా డ్రమ్స్ క్లాసు. ఇంట్లో కూడా కిట్ ఉండాలని మాస్టారు అంటున్నారు, అసోసియేషన్ గ్రూపులో అప్పుడే ఇద్దరు గొణుగుతున్నారు. చిల్లులున్న లో వాల్యూమ్ సింబల్స్ (కిట్‌లో స్టిక్‌తో కొట్టే పళ్లేల్లాంటి రేకులు) కొంటే గొడవ తీరుతుందా, డబ్బు దండగా అని అడిగారు. దండగ కాదండీ. కానీ అవొక్కటే కొంటే గొడవ సగమే తీరుతుంది. మిగతా సగం బాబు కాళ్ల కింద ఉంది. ఇది మాకు రెండేళ్లు ఇబ్బంది పడ్డాక గానీ తెలియలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది మల్కాజిగిరి, రెండో అంతస్తు. నేను చాలా ఏళ్లుగా ఆదివారాలు సికింద్రాబాద్‌లో ఒక చర్చిలో డ్రమ్స్ వాయిస్తున్నాను. నన్ను చూసి మా అమ్మాయి తొమ్మిదో ఏట మొదలుపెట్టింది, ఇప్పుడు దానికి పదమూడు. కిట్ ఇంటికి తెచ్చిన వారానికే కింది ఫ్లాట్ ఆంటీ పైకి వచ్చారు. కోప్పడలేదు. "బాబూ, మీ అంకుల్‌కి ఆపరేషనై పది రోజులే అయింది" అన్నారు, అంతే. ఆ రోజే కిట్ మీద దుప్పటి కప్పేశాం.

తర్వాత చేతికి దొరికినవన్నీ చేసి చూశాం. సింబల్స్ మీద టవల్ వేశాం, సైకిల్ ట్యూబు కోసి చుట్టాం, రబ్బరు మ్యూట్లు తెచ్చాం. మోత తగ్గింది గానీ దానితోపాటు సింబలే పోయింది. స్టిక్ తగిలితే చెప్పు మీద కొట్టినట్టు ఉండేది. హైహ్యాట్, అంటే కాలి పెడల్‌తో తెరిచి మూసే జంట సింబల్, తెరిస్తే ఒకలా, మూస్తే ఇంకోలా పలకాలి కదా, రబ్బరు పెట్టాక రెండూ ఒకటే. పిల్లకి వారంలో విసుగు పుట్టింది. ఎలక్ట్రానిక్ కిట్ సంగతి కూడా ఆలోచించాం. అది మంచిదే, కానీ రోజూ రబ్బరు ప్యాడ్ మీద వాయించిన చెయ్యి అసలు సింబల్ దగ్గరికి వచ్చేసరికి తడబడటం మా చర్చి పిల్లల్లో చూశాను.

అప్పుడు అమెరికా వెళ్లిపోతున్న ఒక కుర్రాడు తన జిల్జియాన్ ఎల్80 సెట్ అమ్ముతుంటే కొన్నాను. 14 అంగుళాల హైహ్యాట్, ఒక్క దెబ్బకి ఖంగుమనే 16 క్రాష్, తాళం నడపడానికీ పనికొచ్చే 18 క్రాష్ రైడ్. 1623లో ఇస్తాంబుల్‌లో మొదలై నాలుగు వందల ఏళ్లుగా పెద్ద మోత చేసే సింబల్స్‌కి పేరు మోసిన కుటుంబం ఈ జిల్జియాన్ వాళ్లది, మోత తగ్గించడానికి కూడా అంత శ్రద్ధ పెట్టినందుకు నాకు గౌరవం. మామూలు వాటికంటే 80 శాతం దాకా తక్కువ మోత అని వాళ్ల లెక్క. అదే కుటుంబంలోంచి విడిపోయి 1981లో కెనడాలో పెట్టిన సాబియన్ వాళ్లవి క్వయెట్ టోన్ పేరుతో వస్తాయి. నేను వాడింది ఎల్80 మాత్రమే, కాబట్టి దాని గురించే చెబుతాను.

చిల్లులు ఏం చేస్తాయంటే, సింబల్ మోగడమంటే ఆ రేకు ఊగుతూ గాలిని తోయడమే. చిల్లులు పెడితే తోసే రేకు తగ్గుతుంది, తోసిన గాలి కూడా ఆ చిల్లుల్లోంచే వెనక్కి జారుకుంటుంది. రేకు కూడా తేలిక. కంచు కంఠం అంటామే, ఆ ఖంగుమనే భాగం పోయి పైన ఉండే సన్నని ధ్వని మిగులుతుంది. మా ఇంట్లో హైహ్యాట్ ఇప్పుడు పక్క గదిలో ఎవరో పోపు వేస్తున్నట్టు వినిపిస్తుంది, ఆవాలు చిటపటమన్నట్టు. అయినా స్టిక్ తిరిగి లేస్తుంది, బెల్ (మధ్యలో ఉబ్బెత్తు భాగం) మీద కొడితే బెల్‌లాగే, అంచు మీద కొడితే అంచులాగే ఉంటుంది, కాలితో తెరవడం మూయడం మామూలే. నేర్చుకునే పిల్లకి కావలసింది అదే.

నా ఫోన్ యాప్‌లో పాత క్రాష్ 100 డెసిబెల్స్ దాటేది, ఇది 80 దగ్గర ఆగింది. ఫోన్ కొలతని పూర్తిగా నమ్మలేం గానీ ఒకే ఫోన్‌తో ఒకే చోట పోల్చుకోవడానికి పనికొస్తుంది. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి సుమారు సగం మోతగా తోస్తుంది, 20 తగ్గితే పావు వంతన్నమాట. పిల్ల చెవులకీ ఇది ముఖ్యం. రోజుకి 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు హద్దు అంటారు, 3 పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. పది అడుగుల గదిలో మూసిన తలుపుల మధ్య పిల్లలు రోజూ గంట వాయిస్తారు, ఇది మనం ఆలోచించాల్సిన విషయం.

ఇక గొడవ తీరిపోయిందనుకున్నాను. నెల తిరక్కుండా ఆంటీ మళ్లీ వచ్చారు. నాకు అర్థం కాలేదు. పైన హాల్లో కూర్చుంటే టీవీ మాటలు కూడా స్పష్టంగా వినపడుతున్నాయి, ఇంకా ఏం ఇబ్బంది? "ఒక్కసారి కిందకి వచ్చి కూర్చో బాబూ" అన్నారు. వెళ్లాను. పైన అమ్మాయి వాయిస్తోంది. ఆంటీ వంటగదిలో కుర్చీ వేశారు. సింబల్స్ ఒక్కటి కూడా వినపడలేదు. స్నేర్, అంటే మోకాళ్ల మధ్య ఉండే చురుకైన చిన్న డ్రమ్, అదీ లేదు. కానీ కాలి పెడల్‌తో కొట్టే పెద్ద బేస్ డ్రమ్ దెబ్బ ధబ్, ధబ్ధబ్, ధబ్ అని పైకప్పులోంచి దిగుతోంది, స్టాండ్‌లో బోర్లించిన స్టీలు గ్లాసులు ప్రతి దెబ్బకీ ఒకదానికొకటి తగిలి చిన్నగా గలగలమంటున్నాయి. మధ్యలో టక్, టక్ అని ఇంకోటి. అది హైహ్యాట్ పెడల్ మీద మా అమ్మాయి ఎడమ కాలి మడమ. ఆ పక్క గదిలోనే అంకుల్ పడుకుని ఉన్నారు. పది నిమిషాలు కూర్చున్నాక ఆమె అంత ఓపిగ్గా ఎలా మాట్లాడగలిగారా అనిపించింది.

సింబల్ మోత గాలిలో వెళ్తుంది, తలుపులు కిటికీలు మూస్తే చాలావరకు ఆగుతుంది. కాలి దెబ్బ స్లాబులోంచి వెళ్తుంది. మన ఫ్లాట్లలో టైల్స్, దాని కింద కాంక్రీటు, మధ్యలో మెత్తనిది ఏమీ ఉండదు. తివాచీ వేస్తే సరిపోతుందని అందరూ అంటారు, సరిపోదు. ఎలక్ట్రానిక్ కిట్ కొన్నా ఈ కాలి దెబ్బ ఇలాగే ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

మాకు పనిచేసింది టెన్నిస్ బంతుల వేదిక. మందపాటి ప్లైవుడ్, 18 మిల్లీమీటర్లది, పైన ఒక వరస, కింద ఒక వరస, మధ్యలో బంతులు. బంతి అడ్డుకొలత సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. కింది చెక్కకి అయిదు సెంటీమీటర్ల రంధ్రాలు, అడుగుకొకటి చొప్పున వేయించాం, బంతి జారకుండా వాటిలో కూర్చుంటుంది. కార్పెంటర్‌కి ఒక పూట పని. బంతులు కొత్తవి కొనలేదు. సెల్లార్‌లో క్రికెట్ ఆడే పిల్లలని అడిగితే బొచ్చు ఊడిపోయిన పాతవి సంచి నిండా తెచ్చి ఇచ్చారు. నొక్కి చూసి మరీ మెత్తబడ్డవి తీసేశాం. అడుగున వేయడానికి రాణిగంజ్‌లో రబ్బరు షీటు దొరికింది. రెండు విషయాలు మాత్రం మరిచిపోకండి. స్టూలు కూడా వేదిక మీదే ఉండాలి, దాని కింద బంతులు దగ్గర దగ్గరగా వేయాలి. వేదిక ఏ వైపునా గోడని తాకకూడదు. మాది మొదట్లో ఒక మూల గోడకి ఆనింది, మళ్లీ ధబ్ ధబ్ మొదలైంది, నాలుగు వేళ్ల సందు ఇచ్చాక పోయింది.

డ్రమ్స్‌కి మెష్ హెడ్స్ వేశాం, అంటే కొట్టే పొర బదులు జాలీ గుడ్డ లాంటివి, రెమో సైలెంట్‌స్ట్రోక్. ఇవి లేకుండా సింబల్స్ ఒక్కటే మారిస్తే స్నేర్ వాటిని మింగేస్తుంది. మెష్ మీద స్టిక్ ఎక్కువగా ఎగురుతుంది, చేతికి శ్రమ తగ్గుతుంది, కాబట్టి రోజూ కాసేపు దిండు మీద సింగిల్స్, డబుల్స్ (చేతికి ఒక్కో దెబ్బ, చేతికి రెండేసి దెబ్బలు) వాయించమనండి.

లోపాలు కూడా చెప్పాలి. చిల్లుల సింబల్స్ తక్కువ పలుకుతాయి కనక పిల్లలు తెలియకుండానే గట్టిగా కొట్టడం అలవాటు చేసుకుంటారు. మా అమ్మాయి ఇంట్లో అయిదు నెలలు వాయించి క్రిస్మస్ పాటలకి చర్చి హాల్లో అసలు సింబల్స్ ముందు కూర్చుంది. మొదటి క్రాష్‌కే ముందు వరుసలో పాడుతున్న పిల్లలు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. అది ఏడ్చేసింది. తప్పు దానిది కాదు, నాది. అప్పటి నుంచి వారానికి ఒకసారైనా మామూలు కిట్ మీద వాయించేలా చూస్తున్నాను, ఇంట్లో 7ఎ లాంటి తేలిక స్టిక్స్ ఇస్తున్నాను. మీ బాబు క్లాసు ఎలాగూ మామూలు కిట్ మీదే కాబట్టి మీకు ఆ ఇబ్బంది తక్కువ.

వేళల గురించి ఒక మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 హద్దు. దాన్ని పట్టుకుని పగలంతా నా ఇష్టం అనుకోవద్దు. మన ఊళ్లో అమెరికా షిఫ్టు చేసి పొద్దున తొమ్మిదికి పడుకునేవాళ్లు ప్రతి అంతస్తులో ఉన్నారు, మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలుంటాయి. మేము పై కింది ఇళ్ల వాళ్లని అడిగి సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర అని పెట్టుకున్నాం. అడిగి పెట్టుకున్న గంట కాబట్టి ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.

కొనేముందు ఒక పని చేయండి. బాబుని నేల మీద కుర్చీలో కూర్చోబెట్టి, కిట్ ఉన్నట్టే కాళ్లతో తాళం వేయమని, మీరు రెండో అంతస్తులోకి వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. అక్కడ వినిపించేదాన్ని బట్టి ముందు వేదికా, సింబల్సా తేల్చుకోండి. సెకండ్ హ్యాండ్ సెట్ దొరికితే మాత్రం టార్చి వేసి అంచులూ, చిల్లుల మధ్య సన్నని భాగాలూ వేలితో తడిమి చూడండి. పలచని రేకు కనక చీలిక అక్కడే మొదలవుతుంది, వెంట్రుకంత గీత ఉన్నా తీసుకోవద్దు.