విశాఖ ఉప్పుగాలిలో డబుల్ బ్యారెల్‌కి డ్రై లూబ్ వేసి నూనె మానేయొచ్చా?

మీరడిగింది నాకు అర్థమైంది ఇలా: నాన్నగారి లైసెన్సు మీద 12 బోర్ డబుల్ బ్యారెల్ ఉంది, ఇల్లు ఎంవీపీ కాలనీలో, నూనె రాస్తే దుమ్ము పట్టి జిగురైపోతోంది, గ్రాఫైటో మోలీనో టెఫ్లానో లాంటి డ్రై లూబ్, అంటే ఆరాక పొడి పొరగా మిగిలి జారుడిచ్చే పూత, కొట్టేసి నూనె గొడవ వదిలించుకోవచ్చా అని. డ్రై లూబ్ వేయొచ్చండి. నూనె మాత్రం మానకండి. ఈ రెండో మాట నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది.

ఆర్మీలో పదిహేడేళ్లు చేసి వచ్చి ఇప్పుడు బ్యాంకు గన్‌మ్యాన్‌గా ఉన్నాను. డ్యూటీ తుపాకీ కాక ఇంట్లో సొంత లైసెన్సు మీద ఇంకో తుపాకీ ఉంది. 2024 మార్చిలో ఎన్నికల కోడ్ రాగానే దాన్ని స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సి వచ్చింది. సరిగ్గా దానికి వారం ముందే నూనె చుక్క లేకుండా కడిగేసి, మోలీ స్ప్రే కొట్టి, చేతికి అంటడం లేదని మురిసిపోయాను. కౌంటింగయ్యాక జూన్‌లో తెచ్చుకుని మడిచి చూద్దును కదా, గొట్టాల అడుగున చదునుగా ఉండే చోట ఆవగింజలు చల్లినట్టు తుప్పు చుక్కలు. గోటితో గీకితే మోలీ పొర పెచ్చుగా లేచొచ్చింది, కింద ఎర్రగా ఉంది. స్టేషన్ వాళ్లననడానికి లేదు, కాన్వాస్ కవర్లో పెట్టి ఇచ్చింది నేనే.

జరిగిందేమిటంటే, డ్రై లూబ్ చేసే పని రాపిడి తగ్గించడం. మోలీ, అంటే మాలిబ్డినమ్ డైసల్ఫైడ్, పేకముక్కల దొంతరలా పొరలు పొరలుగా ఉంటుంది, ఒకదాని మీద ఒకటి జారుతుంది. ఉపగ్రహాల్లో వాడతారు, ఎందుకంటే అక్కడ గాలీ లేదు, తడీ లేదు. తడిగాలిలో దాని జారుడు తగ్గుతుంది. పైగా పలచటి పొరలో సూక్ష్మమైన రంధ్రాలుంటాయి, వాటిలోంచి ఉప్పుతేమ లోపలికి పోతుంది. నూనె అయితే ఆ సందులు మూసుకుని కూర్చుంటుంది. మన బ్యాంకు డ్యూటీలోనే చూడండి: ఏసీలోంచి మధ్యాహ్నం గుమ్మం బయటికి వస్తే రెండు నిమిషాల్లో గొట్టం మీద చెమట పట్టేస్తుంది, కూల్‌డ్రింక్ సీసాలాగా. ఆ చెమటకి డ్రై పొర అడ్డం కాదు.

గ్రాఫైట్ అయితే ఈ ఊళ్లో వద్దే వద్దు. తాళాల్లో వేస్తారు కదా అనిపిస్తుంది. దానికి పనిచేయడానికి తేమ కావాలి, ఆ లెక్కన మనకి నప్పాలి. కానీ గ్రాఫైట్‌కి కరెంటు పారే గుణం ఉంది. ఉప్పునీటి తడి తగిలితే గ్రాఫైటూ ఉక్కూ కలిసి చిన్న బ్యాటరీలా తయారై, ఉక్కు తినేయబడుతుంది. అల్యూమినియం ఫ్రేమున్న ఆయుధాలకైతే మరీ చేటు.

టెఫ్లాన్ స్ప్రే శుభ్రంగా ఉంటుంది, నలుపు అంటదు, సేఫ్టీ బటన్ లాంటి తేలికపాటి భాగాలకి బాగుంటుంది. బరువు పడే చోట తొందరగా అరిగిపోతుంది. అది రాసిన చేతులతో సిగరెట్ ముట్టించకండి, మంటలో పడితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది.

ఇక మీ తుపాకీలో ఎక్కడ వేయాలి? నిజానికి డబుల్ బ్యారెల్‌లో డ్రై లూబ్‌కి దక్కే చోటు తక్కువ. సేఫ్టీ జారే గాడి, పైన మీట తిరిగే చోటు, ఖాళీ తూటాని పైకి లేపే ఎక్స్‌ట్రాక్టర్ కాడ, అంతే. మడిచే కీలు పిన్ను మీద మోలీ కలిపిన గ్రీజు అగ్గిపుల్ల తలంత రాయండి, అక్కడ ఒత్తిడికి ఏ స్ప్రే నిలవదు. ట్రిగ్గర్ లోపలి కొక్కేల జోలికి అసలు పోకండి, అక్కడ జారుడు మారితే ట్రిగ్గర్ పట్టు మారుతుంది, అది ప్రమాదం. తూటా కూర్చునే చాంబర్లో, గొట్టం లోపల కూడా వద్దు. .32 పిస్టల్ ఉన్నవాళ్లకి మాత్రం డ్రై లూబ్ నిజంగా పనికొచ్చే చోటు మ్యాగజీన్ లోపలి గోడలు. అక్కడ నూనె ఉంటే తూటా ప్రైమర్‌లోకి, అంటే దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే అడుగు భాగంలోకి, పాకి దాన్ని చంపేసే అవకాశం ఉంది.

వేసే పద్ధతిలో తొంభై పాళ్లు కడగడమే. మన వాళ్లందరూ కిరసనాయిలుతో కడుగుతారు, నేనూ అదే చేశాను. కిరసనాయిలు ఆరినా సన్నటి జిడ్డు వదిలిపోతుంది, దాని మీద మోలీ అంటుకోదు, నా పెచ్చు లేవడానికి సగం కారణం అదే. మొబైల్ రిపేరు సామాన్ల షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవండి, తెల్లని చిందీ (గుడ్డపేలిక) తెల్లగా వచ్చేదాకా. కట్టె బట్ పాలిష్ మీద పడనీయకండి.

రెండో సగం కారణం మన వాతావరణం. స్ప్రేలోని ద్రవం ఆవిరయ్యేటప్పుడు లోహం చల్లబడుతుంది. ఉక్కపోత రోజుల్లో ఆ చల్లదనానికి గాల్లో తేమ వచ్చి పొర కిందే కూర్చుంటుంది, తుప్పుని మనమే లోపల పెట్టి సీలు వేసినట్టు. అందుకే ఇప్పుడు డిసెంబర్, జనవరిలో ఎండ ఉన్న మధ్యాహ్నం చేస్తాను. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్‌తో ఆ భాగాన్ని చేతికి గోరువెచ్చగా తగిలేదాకా వేడి చేసి, డబ్బా బాగా ఊపి, జానెడు పైగా దూరం నుంచి పలచగా ఒక పూత. పావుగంట ఆగి ఇంకో పూత. రాత్రంతా వదిలేసి, పొద్దున పొడి బట్టతో మెరిసేదాకా రుద్దడం. మందంగా కొడితే పెచ్చులూడుతుంది, అంతకు మించి లాభం లేదు.

ఓవెన్‌లో కాల్చే రకం పూతలు కూడా అమ్ముతారు, కొన్నిటికి 150 డిగ్రీల దాకా వేడి కావాలి. డబుల్ బ్యారెల్ గొట్టాలని దానికి పంపకండి. పాత తుపాకుల్లో రెండు గొట్టాల మధ్య పట్టీని తగరం, సీసం టంకంతో అతికిస్తారు, అది 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. ఓవెన్ కొంచెం గతి తప్పితే పట్టీ ఊడొస్తుంది. ఇలాంటి పని లైసెన్సున్న గన్ డీలర్‌కే ఇవ్వండి, రిపేరు చేయడానికీ ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుండాలి.

ఇవన్నీ నాన్నగారు పక్కనుండగానే చేయండి, లైసెన్సు ఆయనది. తూటాలు వేరే గదిలో పెట్టి, మడిచి, రెండు చాంబర్లలోనూ వేలు పెట్టి చూశాకే మొదలు. గొట్టాల పైనా లోపలా ఎప్పట్లాగే గన్ ఆయిల్, పుల్‌త్రూతో, అంటే గొట్టంలోంచి గుడ్డని లాగే తాడుతో, చిందీ లాగి సన్నగా. దుమ్ము పడుతోందంటే నూనె ఎక్కువైందని అర్థం, రాసిన గుడ్డతోనే మళ్లీ తుడిచేయండి. కాల్చబోయే ముందు చాంబర్లు పొడిగా తుడవాలి. డిపాజిట్‌కి ఇస్తుంటే మాత్రం పలచన పనికిరాదు, చిక్కగా పట్టించి ఇవ్వండి.

ఒకటి చెప్పండి, మీది ఖాళీ తూటాని కొంచెం పైకి లేపి ఆగేదా, ఎగరగొట్టేదా? ఎగరగొట్టేదైతే ఫోరెండ్, అంటే గొట్టాల కింద చేత్తో పట్టుకునే కట్టె, లోపల స్ప్రింగులుంటాయి, వాటికి చేయాల్సింది వేరే, ఫోటో పెడితే రాస్తాను.