తెరువాటుకాడు బాటసారి కాదు

సందేహం: ఒక పాత కథలో 'అడవిలో తెరువాటుకాండ్రు పొంచియుండిరి' అని చదివాను. తెరువరి అంటే బాటసారి కదా, వీళ్లూ ప్రయాణికులేనా? బందిపోట్లని మార్చి చెప్పుకోవచ్చా?

సమాధానం: బాటసారులు కారు, వాళ్లను దోచేవాళ్లు. తెరువు అంటే దారి. బతుకుతెరువులో ఉన్నదీ అదే. ఆ దారిన పోయేవాడు తెరువరి, ఆ దారి కాచి దోచేవాడు తెరువాటుకాడు. దోపిడీ పని పేరు తెరువాటు. 'పొంచియుండిరి' అన్న క్రియ చూసినా అర్థం పట్టుబడుతుంది. బాటసారికి పొంచి ఉండే పనేముంది?

పాత రాతలో ఇది తెరువాటుకాఁడు. ఆ అరసున్నే బహువచనంలో నిండుసున్నగా బయటపడి 'కాండ్రు' అయింది, వేటకాఁడు వేటకాండ్రు అయినట్టే. ఇంకో చిక్కు: 'తలుపు తెరువు' అనేటప్పటి తెరువు వేరే మాట. దానికి పూర్వం బండి ఱ రాసేవారు, దారికి మామూలు ర. ఇప్పుడు రెండూ ఒకేలా రాస్తున్నాం కనుక పొరపడడం సహజమే.

బందిపోటు అని మార్చడం నాకు నచ్చదు. అది గుంపుగా చేసే దోపిడీ. దారిలోనే జరగాలని లేదు, ఇంటి మీద పడ్డా బందిపోటే. చట్టంలోనూ ఐదుగురు, అంతకు మించి కలిసి చేస్తేనే ఆ నేరం. తెరువాటుకు ఒక్కడు చాలు, కానీ దారి ఉండాలి. పైగా బందిపోటు అసలు నేరం పేరు. మనిషిని చెప్పడానికి 'బందిపోటు దొంగ' అనడం మేలు. పిండారీలు అసలే కుదరదు. వాళ్లు గుర్రాల మీద వచ్చి ఊళ్లకు ఊళ్లే కొల్లగొట్టిన దండు. 1816లో గుంటూరు సీమ మీద పడింది వాళ్లే.

సంస్కృతంలో సరైన జోడు పారిపంథికుడు, దారికి అడ్డం నిలిచేవాడని. దాని చుట్టమైన పరిపంథి మాత్రం తెలుగులో శత్రువుగా స్థిరపడింది.

నేటి వాక్యంలో 'దారిదోపిడీ దొంగలు' అని రాయండి. 'దారి కొట్టేవాళ్లు' అంటే ఇంకా వాడుకమాటలా ఉంటుంది. పాతకాలపు కథ రాస్తుంటే తెరువాటుకాండ్రనే ఉంచండి, పక్కనే మూట లాక్కోవడమో కత్తి చూపడమో కనబడితే పాఠకుడికి వేరే అర్థం చెప్పనక్కర్లేదు.